లోన్ ఆఫర్లు చూపించే యాప్‌లో వివరాలు ఇచ్చేశాక ఏం చేయాలి, మన హక్కులేంటి?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి మోకాలి ఆపరేషన్‌కి లక్షన్నర తక్కువ పడింది. ఒక ఆన్‌లైన్ సర్వీస్‌లో పాన్, ఫోన్ నంబరు, జీతం వివరాలు ఇస్తే ఇరవై కంపెనీల లోన్ ఆఫర్లు ఒకేచోట చూపిస్తామంటే మీరు ఆ వివరాలు ఇచ్చేశారు. రెండు రోజుల్లో ముప్పైకి పైగా ఫోన్లు వచ్చాయి. వాళ్లలో ఒకాయన లోన్ మంజూరైందని వాట్సాప్‌లో లెటర్ పంపి, ఇన్సూరెన్స్ కింద ముందు 4,200 కడితే గంటలో డబ్బు పడుతుందంటున్నాడు. నమ్మొచ్చా, వెనక్కి తగ్గితే ఏమన్నా చేస్తారా, అసలు మనకి హక్కులంటూ ఉన్నాయా అని.

ఆ 4,200 కట్టకండి. అది మోసమే. పర్సనల్ లోన్‌లో ప్రాసెసింగ్ ఫీజైనా ఇన్సూరెన్సైనా మామూలుగా లోన్ మొత్తంలోంచే కోసుకుని మిగతాది మీ అకౌంట్లో వేస్తారు. ఎవరో ఒక మనిషి పేరు మీదున్న యూపీఐకి ముందుగా వేయించుకోరు. ఇక వెనక్కి తగ్గడమంటారా, మీరు ఇంకా ఏ అగ్రిమెంటూ ఒప్పుకోలేదు కాబట్టి ఎవరికీ ఒక్క రూపాయి కూడా బాకీ లేరు. హక్కులు ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. కాకపోతే అవన్నీ ఒక్క పేరు చుట్టూ తిరుగుతాయి. మీకు డబ్బు ఇస్తున్న బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాకుండా అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ) పేరు. ఆ పేరు తెలియనంతవరకు ఓటీపీ చెప్పకండి, ఎక్కడా 'అంగీకరిస్తున్నాను' నొక్కకండి.

నేను హైదరాబాద్‌లో ఒక ఎన్‌బీఎఫ్‌సీలో పర్సనల్ లోన్ల క్రెడిట్ విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను, అప్పుల్లో ఇరుక్కున్నవాళ్లకి కాగితాలు చూసి సలహా చెప్తుంటాను. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ లెటర్ సంగతి. నెల క్రితం ఒక టైలర్ ఇలాంటిదే పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పైన పేరున్న కంపెనీ లోగో, కింద గుండ్రటి నీలం స్టాంపు, పక్కన ఆర్‌బీఐ ముద్ర, పచ్చ ఇంకుతో సంతకం. చూడ్డానికి ప్రభుత్వ కాగితంలా ఉంది. మొదటి పేరాలో అతని పేరు ఒకలా, మూడో పేరాలో ఇంకోలా రాసి ఉంది. వడ్డీ రేటు ఉంది గానీ ఏ తేదీ నుంచి కిస్తీ కట్టాలో లేదు. మెయిల్ ఐడీ మామూలు జీమెయిల్. అప్పటికే అతను మూడు విడతల్లో కట్టాడు: ఫైల్ ఛార్జీ అన్నారు, జీఎస్టీ అన్నారు, చివరికి 'మీ అకౌంట్ నంబర్లో ఒక అంకె తప్పు పడింది, సరిచేయడానికి' అన్నారు. ఒకసారి కట్టినవాడు ఇంకోసారి కడతాడని వాళ్లకి తెలుసు. ఇంకో సంగతి, ఆర్‌బీఐ ఎవరి పర్సనల్ లోన్‌కీ ముద్ర వేయదు. లోన్ లెటర్ మీద ఆర్‌బీఐ ముద్ర కనిపించిందంటే అది దొంగ లెటరని చెప్పడానికి ఆ ఒక్కటీ చాలు.

ఇప్పుడు అసలు విషయం. మీరు వివరాలు ఇచ్చిన ఆ సర్వీస్ మీకు అప్పు ఇచ్చేది కాదు. అది మధ్యవర్తి. మీ పేరు, నంబరు, జీతం కలిపి మా భాషలో 'లీడ్' అంటాం, ఆ లీడ్‌ని అప్పిచ్చే కంపెనీలకి చేరవేస్తే వాళ్ల దగ్గర్నుంచి దానికి కమీషన్ వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, చట్టబద్ధమైన వ్యాపారమే. ఆర్‌బీఐ వీళ్లని లెండింగ్ సర్వీస్ ప్రొవైడర్లు అంటుంది, పొట్టిగా ఎల్‌ఎస్‌పీ. అయితే ఈ మధ్యవర్తికి రావాల్సిన ఫీజు అప్పిచ్చే సంస్థే ఇచ్చుకోవాలి, మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. 2022 సెప్టెంబరు నుంచే ఈ నియమం ఉంది. కాబట్టి 'మా సర్వీస్ ఛార్జీ కట్టండి' అని ఆ యాప్ అడిగినా అక్కడే ఆగిపోండి.

2025 మే 8న ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ మీద అంతకుముందున్న నియమాలన్నీ కలిపి కొత్త ఆదేశాలిచ్చింది. మీలాంటివాళ్లకి పనికొచ్చే ముక్క అందులో ఒకటుంది. పలు సంస్థల ఆఫర్లు చూపించే సర్వీస్ ఏదైనా సరే, మీ అర్జీకి సరిపోయిన ఆఫర్లన్నీ మీకు కనిపించేలా పెట్టాలి. ఒక్కో ఆఫర్‌కీ అప్పిచ్చే సంస్థ పేరు, ఎంత ఇస్తారు, ఎన్ని నెలలు, ఏపీఆర్ (ఫీజులు, కోతలు కూడా కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం) ఎంత, నెలకి ఎంత కట్టాలి, ఆలస్యమైతే జరిమానా ఎంత, ఇవన్నీ పోల్చి చూసుకునేలా ఉండాలి. ఒకదాన్ని పెద్ద అక్షరాలతో మెరిపించి మిగతావాటిని ఎక్కడో అడుగున దాచేసే మాయలు కుదరవు. 2025 నవంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చూసినంతలో ఎవరు ఎక్కువ కమీషన్ ఇస్తే వాళ్ల ఆఫర్ పైకి వచ్చేది, జనం అదే తమకి మంచిదనుకుని నొక్కేవాళ్లు. అందుకే చెప్తున్నా, స్క్రీన్ మీద 'మీకోసం బెస్ట్ ఆఫర్' అని ఒకటే కనిపించి, దాని కింద సంస్థ పేరు లేకపోతే ఆ సర్వీస్‌ని వదిలేయండి.

పేరు దొరికాక ఏం చేయాలి? ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీల జాబితా ఉంటుంది, అందులో వెతకండి. 2025 జులై 1 నుంచి ఏ యాప్ ఏ సంస్థకి పనిచేస్తుందో చూపించే జాబితా కూడా పెట్టారు. యాప్ పేరు కొడితే వెనకున్న సంస్థ తెలుస్తుంది. చిన్న జాగ్రత్త: ఆ జాబితా బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు ఇచ్చిన వివరాలతో తయారైంది, ఆర్‌బీఐ ఒక్కో యాప్‌నీ పరీక్షించి మార్కులేసింది కాదు. పైగా దొంగ యాప్‌లు అసలు పేరులో ఒక్క అక్షరం మార్చి పెడతాయి. అందుకని రెండోవైపు నుంచి కూడా చూసుకోండి, అంటే సంస్థ సొంత వెబ్‌సైట్‌కి వెళ్లి, అక్కడ రాసిన భాగస్వామి యాప్‌లలో మీది ఉందో లేదో చూడండి. రెండు చోట్లా కలిస్తేనే ముందుకెళ్లండి.

ఇక వడ్డీ. మనవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే, మోసగాళ్ల దగ్గర కూడా కాదు, అసలు కంపెనీల దగ్గరే. ఫోన్లో 'సర్, నెలకి ఒకటిన్నర శాతమే' అంటారు. మనకేమో ఊళ్లో నూటికి రూపాయిన్నర వడ్డీ అన్నట్టు వినపడుతుంది, రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లకి అది చవకే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూపిస్తా. లక్ష రూపాయలు, 12 నెలలు, ఫ్లాట్ ఒకటిన్నర శాతం. వడ్డీ 18,000 కలిపి నెలకి కిస్తీ 9,833. ప్రాసెసింగ్ ఫీజు 3,000, దాని మీద జీఎస్టీ 540, ఇన్సూరెన్స్ 1,960 కోసేస్తే చేతికొచ్చేది 94,500. మీరు నెలనెలా అసలు తీర్చేస్తున్నా, వడ్డీ మాత్రం ఏడాది పొడుగునా నిండు లక్షకే వేస్తున్నారు. ఊళ్లో రూపాయిన్నర వడ్డీ అంటే మిగిలిన అసలుకే కదా. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే ఆ 18 శాతం కాస్తా దాదాపు 32 అవుతుంది, కోతలు కూడా కలిపితే 43 శాతం. మన భాషలో నూటికి మూడున్నర రూపాయల పైమాటే. ఏ ఊరి వడ్డీ వ్యాపారి అయినా ఆ రేటు చెప్తే దణ్ణం పెట్టి వచ్చేస్తాం.

ఈ 43 అన్న అంకెనే ఏపీఆర్ అంటారు. దాన్ని దాచడానికి వీల్లేదు. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, కేఎఫ్ఎస్ అని ఒక పత్రం అగ్రిమెంట్‌కి ముందే మీకు ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లన్నిటికీ ఇది తప్పనిసరి. మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కాబట్టి తెలుగులో అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. ఏడు రోజులు, అంతకంటే ఎక్కువ గడువున్న లోన్‌కి ఆ పత్రంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు అలాగే నిలబడాలి. 'ఈ ఆఫర్ ఇంకో పది నిమిషాలే సర్' అని తొందరపెట్టినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. కేఎఫ్ఎస్‌లో రాయని ఛార్జీని తర్వాత మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వేయలేరు. మొదటి పేజీలో ఏపీఆర్ వెతకండి, మిగతా ఆఫర్లతో దాన్నే పోల్చండి, ఫోన్లో చెప్పిన శాతాల్ని పట్టించుకోకండి.

డబ్బు దారి కూడా చూడాలి. లోన్ డబ్బు అప్పిచ్చే సంస్థ అకౌంట్ నుంచి నేరుగా మీ బ్యాంక్ అకౌంట్లో పడాలి, మీరు కట్టే కిస్తీ నేరుగా సంస్థ అకౌంట్‌కే వెళ్లాలి. మధ్యలో యాప్‌వాళ్ల అకౌంట్ ఉండకూడదు. ఎవరన్నా 'మా ఫీల్డ్ ఆఫీసర్ నంబర్‌కి ఫోన్‌పే చేసేయండి, నేను ఎంట్రీ వేస్తా' అంటే వేయకండి. అలా వేసిన డబ్బుకి రసీదు లేక, కట్టిన కిస్తీయే మళ్లీ కట్టినవాళ్లని ముగ్గుర్ని చూశాను.

ఫోన్ పర్మిషన్ల గురించి రాసేముందు ఒక పాత సంగతి చెప్పాలి. 2020 లాక్‌డౌన్ తర్వాత ఏడు రోజుల లోన్ యాప్‌లు వచ్చాయి గుర్తుందా? ఆ డిసెంబరులో తెలంగాణలో వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి చాలామందిని పట్టుకున్నారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు అప్పుడు ఐదు వేలు తీసుకున్నాడు, చేతికొచ్చింది మూడు వేల చిల్లర. ఎనిమిదో రోజు పొద్దున వాళ్ల మేనత్తకి, పాత స్కూల్ హెడ్‌మాస్టర్‌కి, నాకూ ఒకేసారి మెసేజ్ వచ్చింది, అతని ఫోటో మీద 'దొంగ' అని రాసి. ఆ పిల్లాడు రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది, తీసేయబుద్ధి కాలేదు.

అలాంటివన్నీ జరిగాకే నియమాలు గట్టిపడ్డాయి. ఇప్పుడు లోన్ యాప్ ఏదీ మీ కాంటాక్ట్‌లు, కాల్ లాగ్, ఫైళ్లు, ఫోటోలు ముట్టుకోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ మాత్రం కేవైసీ కోసం ఒక్కసారి, అదీ మీరు ఒప్పుకుంటేనే. కాంటాక్ట్‌ల పర్మిషన్ అడిగిందంటే ఆ యాప్ ఎంత పేరున్నదైనా తీసేయండి. ఇంకో గుర్తు, 60 రోజుల్లోపు మొత్తం కట్టేయాలనే పర్సనల్ లోన్ యాప్‌లని గూగుల్ ప్లే స్టోర్ ఒప్పుకోదు, అందుకే వాటిని వాట్సాప్ లింకులో ఏపీకే ఫైల్‌గా, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్‌గా పంపుతారు. అలాంటి ఫైల్ నొక్కకండి. ఒకసారి ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు, మీ డేటా తీసేయమని అడగొచ్చు. ఆదాయం చూడ్డానికి బ్యాంక్ స్టేట్‌మెంట్ కావాలంటే నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీ బ్యాంకు వివరాల్ని మీ అంగీకారంతోనే అప్పిచ్చేవాళ్లకి చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ అనే పద్ధతి ఉంది, అందులో ఎందుకు, ఎంతకాలం అన్నది మీరు చూసి ఒప్పుకుంటారు, తర్వాత రద్దు చేసుకోవచ్చు.

లోన్ తీసేసుకున్నాక అయ్యో అనిపిస్తే? కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది, కనీసం ఒక రోజు. ఎన్ని రోజులో ఒక్కో సంస్థ ఒక్కోలా పెడుతుంది, కేఎఫ్ఎస్‌లో రాసి ఉంటుంది. ఆ గడువులో అసలు, వాడుకున్న రోజులకి తగ్గ వడ్డీ కట్టి బయటపడొచ్చు, జరిమానా ఉండదు. ముందే కేఎఫ్ఎస్‌లో చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వాళ్లు ఉంచుకోవచ్చు. వరంగల్ నుంచి ఒక టీచరమ్మ సాయంత్రం లోన్ పడ్డాక రాత్రి ఏపీఆర్ చూసి భయపడి నాకు ఫోన్ చేసింది. తెల్లారగానే యాప్‌లో రద్దు రిక్వెస్ట్ పెట్టించి, అదే నిమిషంలో సంస్థ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పంపించి, డబ్బు సంస్థ అకౌంట్‌కి తిప్పి పంపించాం. ఒక్కరోజు వడ్డీ, ఫీజు పోయాయి, అంతే. కాకపోతే ఆవిడ ఆ డబ్బు ఖర్చు పెట్టలేదు కాబట్టి సాధ్యమైంది. లోన్ పడిన మొదటి రోజు డబ్బు కదపకుండా ఉంచి, కాగితాలు ఇంకోసారి చదువుకోమని అందరికీ చెప్పేది ఇందుకే.

మీరు అడగలేదు గానీ, సిబిల్ గురించి, అంటే మీ అప్పుల చరిత్ర చూపించే క్రెడిట్ రిపోర్ట్ గురించి. ఆఫర్లు చూడ్డం వేరు, అప్లై చేయడం వేరు. మీరు అప్లై చేసిన ప్రతి సంస్థా మీ రిపోర్ట్ తెప్పించుకుంటుంది, ఆ ఎంక్వైరీ మీ రిపోర్ట్‌లో కనిపిస్తుంది. మా బావమరిది ఒకే రాత్రి ఐదు యాప్‌లలో అప్లై చేశాడు. మూడు నెలలకి ఇల్లు కొనడానికి బ్యాంకుకి వెళ్తే, మేనేజర్ మొదట అడిగింది ఆ ఐదు ఎంక్వైరీల గురించే. ఏడాదికోసారి సిబిల్ లాంటి ఒక్కో క్రెడిట్ బ్యూరో దగ్గర పూర్తి రిపోర్ట్ ఉచితంగా తీసుకోవచ్చు. మీరు పాన్ ఇచ్చేశారు కాబట్టి ఒక నెల ఆగి మీది తీసి చూడండి, తెలియని లోన్ ఏదైనా మీ పేరు మీద ఉంటే వెంటనే బయటపడుతుంది.

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. హక్కులున్నాయంటే అప్పు కట్టక్కర్లేదని కాదు. సంస్థ అసలుదైతే అప్పు అప్పే. 'కిస్తీలు ఆపేయండి, సగానికి సెటిల్ చేయిస్తాం' అని ఫీజు తీసుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, నమ్మకండి, సెటిల్ అయిందన్న ముద్ర మీ రిపోర్ట్‌లో చాలా ఏళ్లు ఉండిపోతుంది. కట్టలేని పరిస్థితి వస్తే కిస్తీ తప్పకముందే సంస్థకి రాతపూర్వకంగా చెప్పి గడువు పెంచమని అడగండి. కిస్తీ తప్పినా సరే, రికవరీ ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బూతులు తిట్టకూడదు, మీ ఇంట్లోవాళ్లనీ స్నేహితుల్నీ బెదిరించకూడదు. ఏ ఏజెంట్ వస్తాడో ముందుగా మీకు మెసేజ్ లేదా మెయిల్‌లో తెలియజేయాలి. కట్టలేకపోయినంత మాత్రాన జైలు ఉండదు, వాట్సాప్‌లో వచ్చే అరెస్ట్ వారెంట్లు దొంగవి. అయితే మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయినా, ఆటో డెబిట్ మ్యాండేట్ డబ్బు లేక వెనక్కి పోయినా దాని మీద విడిగా క్రిమినల్ కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది. నిజమైన కోర్టు నోటీసు పోస్టులో వస్తే చించిపారేయకండి, వకీలుకి చూపించండి.

ఫిర్యాదు ఎక్కడ అంటే, మొదట అప్పిచ్చిన సంస్థ ఫిర్యాదుల అధికారికి, మెయిల్‌లో, తేదీతో. యాప్‌వాడు చేసిన తప్పుకి కూడా ఆ సంస్థే జవాబుదారీ, 'అది మా యాప్ కాదండీ, పార్ట్‌నర్‌ది' అని తప్పించుకోలేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదుల్ని విచారించే ఆర్‌బీఐ అధికారికి) పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. లైసెన్స్ లేనివాళ్ల మీదైతే వాళ్ల కోసమే ఉన్న సచేత్ అనే ఇంకో ఫిర్యాదుల పోర్టల్‌లో. డబ్బు పోయినా, ఫోటోలతో బెదిరించినా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. యాప్ తీసేసేముందు స్క్రీన్‌షాట్లు, నంబర్లు, యూపీఐ ఐడీలు దాచుకోండి. చాలామంది కంగారులో ముందు అన్నీ డిలీట్ చేసి తర్వాత పోలీస్ స్టేషన్‌కి వెళ్తారు, అక్కడ చూపించడానికి ఏమీ మిగలదు.

మీ విషయానికొస్తే, ఈరోజే చేయాల్సినవి. ఆ లెటర్, ఆ నంబరు, ఆ యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్ తీసి, నంబరు బ్లాక్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు పెట్టండి, మీ డబ్బు పోకపోయినా సరే, ఇంకొకరిది మిగులుతుంది. ఆఫర్లు చూపించిన సర్వీస్‌కి 'నా అంగీకారం వెనక్కి తీసుకుంటున్నాను, నా వివరాలు తీసేయండి' అని మెయిల్ కొట్టండి. దాని తర్వాత 1909లో డీఎన్‌డీ (ప్రకటనల ఫోన్లు వద్దనే నమోదు) పెట్టండి. వరస ముఖ్యం, ఎందుకంటే మీరు ఒప్పుకుని ఇచ్చిన నంబరుకి వచ్చే ఫోన్లని ఉత్త డీఎన్‌డీ ఆపదు.

డబ్బు కోసం ముందు వేరే చోట్ల చూడండి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి నాన్నగారి ఆపరేషన్ ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తుందేమో అడగండి, మీ ఆఫీస్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉన్నారేమో హెచ్‌ఆర్‌ని అడగండి. పీఎఫ్ ఉంటే తల్లిదండ్రుల వైద్యానికి అడ్వాన్స్ తీసుకునే వీలుంది. ఇంట్లో కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోన్ చాలాసార్లు పర్సనల్ లోన్ కంటే చవక పడుతుంది. ఇవేవీ కుదరకపోతే మీ జీతం పడే బ్యాంకునే మొదట అడగండి, మీ లావాదేవీలు వాళ్ల దగ్గరే ఉంటాయి కాబట్టి రేటు తగ్గే అవకాశం ఉంది. అప్పుడు కూడా చాలకపోతేనే ఆన్‌లైన్ ఆఫర్లు.

ఏ సంస్థ అయినా కేఎఫ్ఎస్ ఇస్తే, మీ పేరు, పాన్, అకౌంట్ నంబరు చెరిపేసి ఆ మొదటి పేజీ ఇక్కడ పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తాను, చేతికి ఎంతొస్తుందో, నిజంగా ఎంత వడ్డీ పడుతుందో లెక్క వేసి చెప్తాను. నాన్నగారికి ఆపరేషన్ తేదీ ఎప్పుడో కూడా రాయండి, దాన్నిబట్టి ఏది ముందు ప్రయత్నించాలో చూద్దాం.